మాట నిలుపని నెల

ఎండకాలం, వానకాలం, చలికాలం అని మన పెద్దలు పెట్టిన పేర్లలో కాలమూ, ఆ కాలంలో ఆకాశం చేసే పనీ ఒకే మాటలో ఇమిడిపోయినవి. హిందీలో ‘మౌసమ్’ అనే మాట సంగతీ అంతే. అరబ్బీ నుంచి వచ్చిన ఆ మాటకు ఋతువు అని అర్థం. ఇవాళ బయట ఎండగా ఉన్నదా, మబ్బుగా ఉన్నదా అని అడగడానికీ అదే మాట. ఆ అరబ్బీ పదమే పోర్చుగీసు నావికుల నోట పడి, ఇంగ్లీషులో ‘మాన్సూన్’ అయినది. ఋతువు వచ్చినదంటే దాని వెంట రావలసిన గాలీ వానా వచ్చి తీరుతవనే నమ్మకం గల దేశాలలో పుట్టిన మాటలివి. ఆ నమ్మకం ఒక్కొక్క ఏడు వమ్మవుతుంది. అయినా మాట నిలిచే ఉన్నది.

బ్రిటన్‌లో ఈ పద్ధతిన పేర్లు పెడితే మధ్యాహ్నానికల్లా అబద్ధమవుతవి. అక్కడ ఋతువు నడిచే దారి వేరు, వాతావరణం నడిచే దారి వేరు. వేసవిలో ఉన్నికోటు వెదుక్కోవలసిన రోజులు ఉంటవి. నడిశీతకాలంలో కిటికీలు తెరిచి కూర్చోదగిన రోజులూ ఉంటవి. ఈ రెండింటి మధ్య తగాదా బాగా ముదిరేది ఫిబ్రవరి నెలలో. ఎవరు గెలిచినా ఆ తగాదాలో నష్టపోయేవాడు తోట వేసుకొన్న మనిషి.

ఇంగ్లండు తూర్పుభాగాన నార్ఫక్ అనే మండలంలో, నారిచ్ నగరానికి ఉత్తరాన ఒక పల్లెలో అట్లాంటి తోటమాలి ఒకాయన ఉన్నాడు. 1946లో పుట్టినవాడు. రైల్వేలో సిగ్నల్ కేబినులో పనిచేసి, విశ్రాంతి తీసుకొని చాలా ఏళ్లయినది. ఇంటి వెనుక చిన్న పెరడు, ఊరి చివర ఒక అల్లాట్‌మెంటు ఆయన ఆస్తి. అల్లాట్‌మెంటు ఆస్తి అనడం నిజానికి సరి కాదు. కొద్దిపాటి అద్దె తీసుకొని స్థానిక సంస్థలు పౌరులకు ఇచ్చే కూరగాయల మడి అది. 1908 నాటి చట్టం అట్లాంటి నేల సమకూర్చే బాధ్యతను ఆ సంస్థల మీద పెట్టినది. పూర్తి మడి అంటే పాత కొలతలో పది రాడ్లు, మన లెక్కన సుమారు 300 చదరపు గజాలు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఓడలమీద తిండి రావడం కష్టమైనప్పుడు, ఖాళీగా ఉన్న ప్రతి జాగాలోనూ కూరలు పండించుకొమ్మని ప్రభుత్వం ప్రజలను పురికొల్పినది. ఈ మడిని ఆ రోజుల్లోనే ఆయన తండ్రి మొదటిసారి తవ్వాడు. తరువాత అది కొడుకు పేరికి మారినది.

2024 ఫిబ్రవరి మొదటి వారంలో ఆయన ఇంటికి రెండు వచ్చినవి. ఒకటి విత్తన బంగాళాదుంపల సంచి. రెండవది మడి అద్దె చీటీ. వచ్చే ఏటికి మడి కావలెనంటే నెల చివరిలోగా సంతకం చేసి పంపవలెను. సాగు చేయలేనివారు వదులుకొంటే, కాచుకొని ఉన్నవారిలో తరువాతివారికి ఇస్తారు. చీటీలో ఉన్న మాటలు మర్యాదగానే ఉన్నవి. అయితే కిందటి శరత్కాలంలో మడి ఒక కొసన కలుపు మోకాలి ఎత్తు పెరిగినదని ఊరందరికీ తెలుసు, ఆయనకూ తెలుసు. మోకాలు వంగని మనిషి మోకాలెత్తు కలుపును ఏమి చేయగలడు? పడమటి తీరాన బ్రిస్టల్‌లో ఉన్న కూతురు టెలిఫోనులో, “ఇంకెన్నాళ్లు నాన్నా, ఈ బురదలో?” అన్నది. ఆయన దానికి జవాబు చెప్పలేదు. వాన పడుతున్నదా అక్కడ అని అడిగాడు. వాతావరణాన్ని గురించి అడగడం ఇంగ్లీషువారికి మర్యాద అని పుస్తకాలలో వ్రాస్తారు. మాట తప్పించడానికి కూడ అది బాగా పనికివస్తుంది.

ఆ దీవులు భూగోళం మీద ఉన్న చోటు చూస్తే అక్కడి ఆకాశపు చపలత్వానికి కారణం తెలుస్తుంది. లండన్ నగరం 51½ డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నది. అదే అక్షాంశం మీద కెనడా లోపలి భాగాలలో నేల నెలల తరబడి గడ్డకట్టి ఉంటుంది. బ్రిటన్‌ను ఆ గతి నుంచి కాపాడేది అట్లాంటిక్ సముద్రం మీదుగా వచ్చే పడమటి గాలి. నీరు దాచుకొన్న వెచ్చదనాన్ని అది మోసుకొనివస్తుంది. వెంట వాననూ తెస్తుంది. ఆ గాలి కాస్త సద్దుమణిగి ఉత్తరపుగాలి దిగినదా, ఆర్కిటిక్ చలి. తూర్పుగాలి వీచినదా, రష్యా మైదానాల చలి. దక్షిణపుగాలి ఎగబాకినదా, ఆఫ్రికా అంచుల వెచ్చదనం. నలుగురు అన్నదమ్ములున్న ఉమ్మడి ఇల్లు వంటిది ఆ ఆకాశం. ఏ పూట ఎవరి మాట చెల్లుతుందో ఇంట్లోవాళ్లకే తెలియదు. రేపటి వాతావరణాన్ని ముందుగా ప్రజలకు చెప్పే ప్రయత్నం 1861 ఆగస్టు 1న లండన్ ‘టైమ్స్’ పత్రికలో మొదలైనది. చెప్పినవాడు ఫిట్జ్‌రాయ్ అనే నౌకాధికారి. చెప్పినది తప్పినప్పుడల్లా ఆయనను జనం ఎగతాళి చేశారు. ఇప్పుడు ఉపగ్రహాలూ గణన యంత్రాలూ ఉన్నవి. మూడు నాలుగు రోజుల మాట చాలావరకు నిజమవుతున్నది. తోటమాలికి కావలసినది మూడు వారాల మాట. అది నేటికీ ఎవరూ ఖచ్చితంగా చెప్పలేరు.

ఇక్కడ తెలుగు మాటకు ఒక చిక్కు ఉన్నది. ఉదయం గడ్డిమీద మెరిసే బిందువు మంచు. దారి కనపడకుండా చేసేదీ మంచే. హిమాలయం మీద కురిసేది మంచు. గ్లాసులో వేసుకొనే ముక్క కూడ మంచుగడ్డ. బ్రిటన్ తోటమాలికి వీటిలో ఏదీ పెద్ద శత్రువు కాదు. ఆకాశం నిర్మలంగా, గాలి కదలకుండా ఉన్న రాత్రి, నేలలోని వేడి పైకి పోయి, ఆకుల మీద తేమ ఉప్పులా గడ్డకట్టి, లోపలి కణాలలో నీరు బిగిసి మొక్కను నల్లగా మాడ్చే మంచు వేరే ఉన్నది. ఉత్తరదేశపు రైతు దాన్ని ‘పాలా’ అంటాడు. గోధుమనూ ఆవనూ ఆ పాలా కొట్టిన రాత్రి అతనికి నిద్ర ఉండదు. తెలుగునేల మీద అది అరుదు గనుక మనకు దానికొక ఇంటి మాట పుట్టలేదు. సంస్కృతం నుంచి ‘తుషారం’ అని తెచ్చుకొని సరిపెట్టుకోవలసినదే. విచిత్రమేమంటే, తుషారం పడే రాత్రికి ముందటి పగలు చాలా అందంగా ఉంటుంది: నీలాకాశం, పసుపుపచ్చని ఎండ. ఎండ చూచి మురిసిపోయిన తోటమాలికే తెల్లవారి దెబ్బ తగులుతుంది.

ఆయన దగ్గర ఒక నోటుపుస్తకాల వరుస ఉన్నది. సిగ్నల్ కేబినులో వచ్చిపోయే ప్రతి రైలు వేళనూ వ్రాసిన చెయ్యి తోటను వ్రాయకుండా ఉండలేకపోయినది. మొదటి స్నోడ్రాప్ పూచిన రోజు, కప్పలు గుంటలో గుడ్లు పెట్టిన రోజు, విత్తినది, మొలిచినది, చచ్చినది. పుస్తకాలు మొదలుకాక ముందటి ఒక శీతకాలం మాత్రం ఆయన జ్ఞాపకంలో ఉన్నది. అది 1962-63. అప్పటికి ఆయనకు పదహారేళ్లు. క్రిస్మస్ మరునాడు మొదలైన హిమపాతం తరువాత నేల రెండు నెలలకు పైగా మెత్తబడలేదు. మధ్య ఇంగ్లండుకు 1659 నుంచి ఉష్ణోగ్రతల లెక్కలున్నవి. ఆ లెక్కలలో 1740 తరువాత అంత చలి శీతకాలం మరొకటి లేదు. నేలలో ఉన్న పార్స్‌నిప్ దుంపలను తండ్రీ కొడుకులు గడ్డపారలతో పగులగొట్టి తీశారు. తవ్వగా వచ్చినవి దుంప ముక్కలో మట్టి ముక్కలో, వంటింట్లో కరిగేదాకా తెలియలేదట.

పుస్తకాలలో పక్కపక్కన ఉన్న రెండు ఫిబ్రవరులను చదివితే చాలు, మిగిలినవి చదవనక్కరలేదు. 2018 ఫిబ్రవరి ఆఖరి వారంలో తూర్పుగాలి దిగినది. పత్రికలవారు దానికి ‘తూర్పు మృగం’ అని పేరు పెట్టారు. వాతావరణ శాఖవారి లెక్కలో మార్చి 1 వసంతానికి తొలిరోజు. ఆ తొలిరోజునే నైరుతి ఇంగ్లండుకూ దక్షిణ వేల్సుకూ మంచుతుఫాను గురించి ఎర్ర హెచ్చరిక జారీ అయినది. నార్ఫక్‌లోనూ పల్లెదారులు మూసుకొనిపోయినవి. ఆయన పుస్తకంలో ఆ వారానికి ఉన్నది ఒక్క ముక్క: ‘బీన్స్ మంచు కింద.’ పది రోజుల ముందు విత్తిన బ్రాడ్ బీన్స్ అవి, మన చిక్కుడుకు దూరపు చుట్టాలు. అవి చావలేదు. కప్పిన హిమమే వాటికి దుప్పటి అయి, పైన వీచే గాలి కొరుకును కిందికి దిగనీయలేదు.

సరిగా ఏడాది తిరిగింది. 2019 ఫిబ్రవరి 26న లండన్‌లోని క్యూ ఉద్యానవనంలో 21.2 డిగ్రీల వేడి నమోదైనది. బ్రిటన్‌లో శీతకాలపు నెలలలో అంత వేడి అంతకు ముందెన్నడూ నమోదు కాలేదు. జనం పార్కులలో చొక్కా చేతులు మడిచి ఐస్‌క్రీములు తిన్నారు. తేనెటీగలు వెలికి వచ్చినవి. ఆయన పెరటి గోడకు పాకించిన ఆప్రికాట్ చెట్టు మొగ్గలన్నీ విచ్చినవి. హైదరాబాదు విందులలో ‘ఖుబానీ’గా మనకు తెలిసిన పండే అది. ఇటుకగోడ పగటి ఎండను దాచుకొని రాత్రి చెట్టుకు ఇస్తుంది గనుక దక్షిణముఖంగా ఉన్న గోడకు దాన్ని పాకిస్తారు. ఆ వారం ఊరివాళ్లంతా ఆయనను అభినందించారు. ఆయన ఒక్కడే దిగులు పడ్డాడు. ఈగలు చాలవనే అనుమానంతో మెత్తని కుంచె తీసుకొని పువ్వు నుంచి పువ్వుకు పుప్పొడి తానే అద్దాడు. సాయంకాలం కాగానే పల్చని తెల్లగుడ్డ చెట్టుకు కప్పి, ఉదయం తీసేవాడు. ఇట్లా నాలుగు వారాలు. ఆ ఏడు ఒక బుట్టెడు పండ్లు వచ్చినవి. కష్టం చూచుకొంటే పండుకొక కూలి పడ్డట్టే.

పూచిన తేదీలు వ్రాసిపెట్టుకొనే అలవాటు ఆ ప్రాంతానికి కొత్త కాదు. ఆయన పల్లెకు కొద్ది మైళ్ల దూరాన స్ట్రాటన్ స్ట్రాలెస్ అనే గ్రామం ఉన్నది. అక్కడి భూస్వామి రాబర్ట్ మార్షమ్ 1736లో వసంతచిహ్నాలను గుర్తుపెట్టడం మొదలుపెట్టాడు. స్నోడ్రాప్ పూచే రోజు, కప్పలు అరిచే రోజు, కోకిల కూసే రోజు, ఓక్ చెట్టు ఆకు తొడిగే రోజు, ఇట్లా 27 గుర్తులు. 1797లో ఆయన పోయిన తరువాత కూడ వంశీకులు ఆ లెక్కను 1958 వరకు సాగించారు. సెల్‌బర్న్ గ్రామపు మతగురువు గిల్బర్ట్ వైట్ కూడ ఆ కాలపువాడే. 1751 నుంచి తన తోటపనిని రోజువారీగా వ్రాసిపెట్టాడు. ఇద్దరూ ముసలితనంలో ఒకరికొకరు ఉత్తరాలు వ్రాసుకొన్నారు. వీరు రాజ్యాలు ఏలలేదు, యుద్ధాలు గెలవలేదు. అయినా ఇవాళ పండితులు వెదుక్కొని చదువుతున్నది వీరి పద్దులనే.

ఎందుకంటే ఇటువంటి పద్దులు వేలాది మందివి కలిపి చూచినప్పుడు ఒక సంగతి బయటపడినది. కేంబ్రిడ్జి పరిశోధకులు 2022లో ప్రకటించిన లెక్క అది. 406 జాతుల మొక్కలకు సంబంధించి 4 లక్షలకు పైగా ఉన్న నమోదులను వారు పరిశీలించారు. 1753 నుంచి 1986 వరకు తొలిపూత వచ్చిన సగటు తేదీతో పోల్చితే, 1987 నుంచి 2019 వరకు ఆ పూత సుమారు ఒక నెల ముందుగా వస్తున్నది. భూమి వేడెక్కడంతో వారు దీన్ని ముడిపెట్టారు.

పూలు నెల ముందు వస్తే సంతోషమే గదా అని అనిపించవచ్చును. పూతకు తొందర వచ్చినది గాని, తుషారం తన తేదీలను ఆ లెక్కన సవరించుకోలేదు. చెట్టు పాతకాలపు నమ్మకస్థురాలు. నాలుగు వెచ్చని రోజులు వరుసగా చూస్తే వసంతం వచ్చినదని తలుపు తీస్తుంది. 2021లో ఏమి జరిగినదో చూడవచ్చును. ఫిబ్రవరి 11న స్కాట్లండులో బ్రేమార్ అనేచోట సున్నాకు దిగువన 23 డిగ్రీల చలి పడినది. మార్చి 30న క్యూ ఉద్యానవనంలో 24.5 డిగ్రీల ఎండ కాసినది. ఒకే చిన్న దేశం, ఏడు వారాల వ్యవధి, 47 డిగ్రీలకు పైగా తేడా. ఇక ఆ తరువాత వచ్చిన ఏప్రిల్‌లో, అరవై ఏళ్లలో ఏ ఏప్రిల్‌లోనూ పడనన్ని తుషారపు రాత్రులు పడినవి. ఆయన ఆప్రికాట్ అప్పటికే బఠాణీ గింజంత పిందెలు వేసి ఉన్నది. గుడ్డ కప్పాడు, దాని మీద మరొక గుడ్డ కప్పాడు. ఒక రాత్రి గోడ కింద దీపాలు కూడ పెట్టాడు. ఏప్రిల్ రెండవ వారానికి పిందెలన్నీ లోపల గోధుమరంగుకు తిరిగి రాలిపోయినవి. పుస్తకంలో ఆ ఏటి ఆప్రికాట్ గడిలో ఒక సున్న ఉన్నది. ఆయనకు మాటలు తక్కువ. సున్న మాత్రం బాగా గుండ్రంగా చుట్టాడు.

అయినా ఆ నెలలో నమ్మదగినది ఒకటి ఉన్నది: వెలుతురు. నార్ఫక్‌లో ఫిబ్రవరి మొదట పగలు సుమారు 9 గంటలు. నెల చివరికి దాదాపు 10 గంటల 45 నిమిషాలు. గాలి ఎటు తిరిగినా, వాన పడినా, హిమం కురిసినా ఈ లెక్క నిమిషం తప్పదు. ఋతువు సూర్యుడి ఉద్యోగి. వాతావరణం గాలి కొలువులో ఉన్నది. విత్తనాల పొట్లాల మీద అచ్చువేసే తేదీలు ఈ రెండింటిలో దేనికీ చెందవు, అవి అంగడివాడివి. పార్స్‌నిప్ విత్తనం ఫిబ్రవరిలో వేయవచ్చునని ఎన్నో పొట్లాల మీద ఉంటుంది. ఆ మాట నమ్మి చల్లని తడినేలలో వేస్తే విత్తనం కుళ్లిపోతుంది; మార్చి చివర వేసినవాడి పంట దాన్ని దాటిపోతుంది. ఆయన పొట్లాన్ని చదవడు. మట్టిని పిడికిట పట్టి పిసుకుతాడు. ముద్దగా నిలిచిపోతే ఇంటికి పోతాడు. పొడిగా విడిపోతే మణికట్టు లోపలి వైపును నేలకు ఆనించి చూస్తాడు. పసిబిడ్డ స్నానపు నీటిని తల్లి చూచేది ఆ చోటితోనే.

ఫిబ్రవరిలో తోటమాలికి పని లేదని కాదు. ఆపిల్ చెట్ల కొమ్మలు నిద్రలో ఉండగానే కత్తిరించవలెను. శరత్కాలంలో కాయలిచ్చే రాస్ప్‌బెరీ కర్రలను నేలమట్టానికి కోయవలెను. స్నోడ్రాప్ పూలు వాడిన తరువాత, ఆకు పచ్చగా ఉండగానే, గుబురు విడదీసి మరొకచోట నాటవలెను. ఇంటి గేటు పక్కన ఒక డాఫ్నె పొద ఉన్నది. అది హిమాలయాలలో పుట్టిన జాతి. నేపాలులో దాని బెరడుతో కాగితం చేస్తారు. జనవరి, ఫిబ్రవరి నెలలలో దాని పరిమళం దారిన పోయేవారిని నిలబెడుతుంది. సముద్రాలు దాటి వచ్చిన ఆ కొండజాతి పొదకు ఇంగ్లీషు చలి ఒక లెక్కలోనిది కాదు.

2024 ఫిబ్రవరి మరొక రకపు మోసం చేసినది. ఇంగ్లండులోనూ వేల్సులోనూ 1884 నుంచి ఉన్న లెక్కలలో అంత వెచ్చని ఫిబ్రవరి లేదు. వెచ్చదనంతో పాటు ఎడతెగని వాన. మడి పల్లపు కొసన నీరు నిలిచినది. అడుగు పెడితే బూటు బురదలో నిలిచి, కాలు మాత్రం పైకి వచ్చేది. తడినేలను తొక్కితే మట్టిలోని గాలి గదులు మూసుకొనిపోయి ఆ ఏడంతా గట్టిబడి ఉంటుంది. అందుచేత ఆయన గట్టున నిలిచి చూచి, రోజూ తిరిగివచ్చేవాడు. అద్దె చీటీ విత్తనాల డబ్బా కింద అట్లాగే ఉన్నది.

వంటింటి కిటికీలో బంగాళాదుంపలు మాత్రం తమ పని చేసుకొంటున్నవి. కోడిగుడ్లు వచ్చే అట్టలలో, కన్నులు ఎక్కువగా ఉన్న వైపు పైకి ఉండేటట్టు, ఒక్కొక్క గుంటలో ఒక్కొక్కటి పేర్చి చల్లని వెలుతురులో పెడతారు. నాలుగు నుంచి ఆరు వారాలలో పొట్టి మొలకలు వస్తవి. చీకట్లో పెడితే తెల్లగా పొడుగ్గా సాగి, నాటేటప్పుడు విరిగిపోతవి. ఈ దుంపలను గుడ్‌ఫ్రైడే నాడు నాటే ఆచారం ఒకటి ఉన్నది. ఆ పండుగ చంద్రుణ్ణిబట్టి నెల రోజులకు పైగా అటూ ఇటూ తిరుగుతుంది. తుషారానికి తేదీ లేని దేశంలో, దుంపలు నాటడానికి కూడ తేదీ నిలవని పండుగనే ఎంచుకోవడం వింతగా లేదు.

ఆ ఏడు ఫిబ్రవరికి 29 రోజులు. చివరి రోజు ఉదయం ఆయన చీటీ తీసి బల్లమీద పెట్టాడు. వదులుకొంటున్నాను, కొనసాగిస్తాను అన్న రెండు గడుల నడుమ సన్నని అక్షరాలలో మూడవది ఉన్నది: మడిని రెండుగా చేసి సగం ఉంచుకోవచ్చును. ఇన్నాళ్లూ అది కనపడలేదో, కనపడినా చదవలేదో. సగానికి సంతకం చేశాడు. ఏ సగం అని అడిగిన చోట, నీరు నిలిచే పల్లపు కొస తనకని వ్రాశాడు. ఎండ బాగా తగిలే మెరక, తండ్రి ఏళ్ల తరబడి పేడ ఎరువు పోసిన నల్లనేల, కాచుకొని ఉన్నవారికి పోతుంది. కూతురు ఈ సంగతి విని, మంచి సగం ఎందుకు ఇచ్చారని టెలిఫోనులోనే కోప్పడినది. కొత్తవాళ్లకు మొదటి ఏడే బురద చూపిస్తే నిలబడరమ్మా అన్నాడు.

మధ్యాహ్నం గుడ్ల అట్టలు లెక్కపెట్టాడు. నాలుగు ఉన్నవి. సగం మడికి రెండు చాలు. మిగిలిన రెండింటిని మొలకలు విరగకుండా పాత వార్తాపత్రికలో చుట్టి, బూట్లు వేసుకొని, అల్లాట్‌మెంటు దారి పట్టాడు. గేటు దాటేసరికి మబ్బు విచ్చి, పొదమీద ఎండ పడినది. ఆయన దాన్ని చూచి, వెనక్కి వెళ్లి గొడుగు తెచ్చుకొన్నాడు.